ఇంటి రౌండు

ఆ మాట నిబంధనల పుస్తకంలో ఎక్కడా కనిపించదు. నలభై ఆరు పేజీల పుస్తకం అది. గ్లవ్సు ఎన్ని ఔన్సులుండాలో, రింగు తాళ్లు ఎంత బిగువుగా ఉండాలో, మూలన వేసే స్టూలు ఎంత ఎత్తుండాలో కూడా రాశారు గాని, ఇంటి రౌండు గురించి ఒక్క ముక్క లేదు. అయినా ప్రొఫెషనల్ బాక్సింగులో ఆ మాట తెలియని జడ్జి ఉండడు.

సంగతేమిటంటే, రౌండు గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది వెయ్యాలి. దెబ్బ తిని కిందపడితే ఎనిమిది. ఇద్దరూ సమానంగా ఆడితే ఇద్దరికీ పది వెయ్యొచ్చని పుస్తకం ఒప్పుకుంటుంది గాని, అలా వేసే జడ్జిని తోటివాళ్లు ‘కళ్లద్దాలు మార్చుకోవయ్యా’ అని ఆటపట్టిస్తారు. కాబట్టి ఎటూ మొగ్గని రౌండు ఎవరికో ఒకరికి పోవాలి. ఎవరికి? ఆ పోటీ పెట్టిన ప్రమోటరు మనిషికి. జడ్జీలకి గది ఇచ్చేదీ, రానుపోను టికెట్లు తీసేదీ, భోజనం పెట్టేదీ ఆ ప్రమోటరే. ఆయన నోరు తెరిచి ఏమీ అడగడు. జడ్జీలూ దాని గురించి మాట్లాడుకోరు. పెన్సిలు దానంతటదే అటు పోతుంది. అదీ ఇంటి రౌండంటే.

తూకం ఈ విద్య మొదటి రోజే నేర్చుకున్నాడు. పక్కన కూర్చున్న పెద్ద జడ్జి, “సందేహమొస్తే ఇంటికిచ్చెయ్, హాయిగా నిద్రపడుతుంది” అని చెప్పాడు. తూకం ఇరవై ఏడేళ్లుగా ఇస్తూనే ఉన్నాడు, నిద్రా పడుతూనే ఉంది.

తూకం అనేది ఆయన అసలు పేరు కాదని వేరే చెప్పాలా? తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. అసలు పేరు సర్వీసు పుస్తకంలో భద్రంగా ఉంది, ఇంట్లోవాళ్లకి కూడా దాంతో పని పడదు. వారమంతా అంగళ్లు తిరిగి కాటాలు పరీక్షిస్తాడు, శనివారం రింగు పక్కన కూర్చుని మార్కులు వేస్తాడు. ఆటగాళ్ల బరువు చూసే కాటాకి కూడా ముందు ఆయన చెక్కపెట్టెలోని ఇత్తడి రాళ్లతో పరీక్ష జరగాల్సిందే. సొంత బావమరిది కొట్లో కాటా పదిహేను గ్రాములు తేడా చూపిస్తే, “బావా, టీ తాగి వెళ్లు” అంటున్నా వినకుండా, చెల్లదని ముద్ర కొట్టి వచ్చిన మనిషి. భార్య నెల్లాళ్లపాటు ఆయనతో కూతురి ద్వారానే మాట్లాడింది.

శాఖలో కొత్తగా చేరినవాళ్లకి ఆయన చెప్పే కథ ఒకటుంది. ఒకామె రోజూ బుట్టతో కూరగాయలు తెచ్చి ఒకే వర్తకుడికి అమ్మేది. ఇంట్లో తూచుకుని వచ్చినా అతని కాటా మీద ఎప్పుడూ తక్కువే చూపించేది. ఆమె అతణ్ణి అనుమానించలేదు. తన త్రాసే పాడైందనుకుని, ఆరేళ్లపాటు రెండు గుప్పిళ్లు ఎక్కువ వేసి తెచ్చింది. తూకం ఆ కాటా విప్పి మోసం చూపించిన రోజున ఆమె సంతోషించలేదు, వర్తకుణ్ణి తిట్టనూ లేదు. అక్కడే కూలబడి భోరున ఏడ్చింది. ఎందుకేడ్చిందని కొత్తవాళ్లు అడిగితే తూకం దగ్గర జవాబుండేది కాదు.

ఇంత నిక్కచ్చి మనిషికి ఇంటి రౌండు దగ్గర ఎన్నడూ గుండె కలుక్కుమనలేదు. ఇదేం చోద్యమని అడగకండి. మనందరికీ ఇలాంటి గది ఒకటి లోపల ఉంటుంది, దానికి మనమే తలుపు వేసి ఉంచుతాం.

ఇలా ఉండగా బోను వచ్చిపడింది. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అనే ఎమ్మెమ్మే పోటీల వాళ్లు అదే హాలులో రింగు తీసేసి, ఎనిమిది పలకల ఇనుపవల బోను బిగించి, అందులో ఇద్దర్ని వదిలి తలుపు వేస్తారు. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ చెల్లుతాయి. బాక్సింగు వాళ్లు మొదట్లో దాన్ని కోళ్లగూడని వెటకారం చేశారు. మూడేళ్లు తిరిగేసరికి కోళ్లగూటి ముందు జనం వరస కట్టారు, రింగు చుట్టూ సగం కుర్చీలు వెలవెలబోయాయి. చివరికి హాలు యాజమాన్యం తేల్చి చెప్పేసింది. వచ్చే సీజనుకి కుర్చీలు నింపలేకపోతే శనివారాలన్నీ బోనుకే.

అప్పుడు మేలుకుంది తూకానికి జడ్జి లైసెన్సిచ్చిన బాక్సింగు బోర్డు. ఆట బాగుపడాలంటే ఏం చెయ్యాలో నివేదిక రాయమని అధ్యక్షుడు ముగ్గుర్ని పురమాయించాడు. తీర్పుల అధ్యాయం తూకానికి అప్పగిస్తూ, “నీకంటే నిఖార్సైన మనిషి ఎవడున్నాడయ్యా మనలో” అన్నాడు. తూకం ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇంటికొచ్చి కొత్త పెన్సిలు చెక్కుకున్నాడు.

ఆయన కూతురు ఫిజియోథెరపిస్టు. రింగుకీ బోనుకీ రెండింటికీ పనిచేస్తుంది, కాబట్టి రెండిళ్ల గుట్టూ ఆమెకి తెలుసు. ఆదివారం ఉదయం తండ్రి ముందు కూర్చుని చెబుతూ పోయింది.

“నాన్నా, జనం రక్తం చూడ్డానికి అక్కడికి పోతున్నారని మీవాళ్లు అనుకుంటారు. రక్తం మీ దగ్గర మాత్రం కారట్లేదా?”

“మరెందుకు పోతున్నట్టు?”

“అక్కడ ఒక్కో బరువుకి ఒక్కడే ఛాంపియను. మీకు నాలుగు బోర్డులు, నలుగురు ఛాంపియన్లు, ఆ నలుగురూ జన్మలో తలపడరు. అక్కడ మంచివాణ్ణి మంచివాడితో కలుపుతారు. మీవాళ్లు సొంత మనిషికి ఓడిపోయేవాణ్ణి వెతికి తెస్తారు.”

“అయితే అంతా అమృతమేనా అక్కడ?”

“ఏం కాదు. ఆ ఒక్క కంపెనీ చెప్పిందే వేదం, ఆటగాడికి నోరుండదు. కానీ ఒకటి చెప్పనా? మీ దగ్గర తీర్పు చదవబోతుంటే జనం ఆటగాళ్ల వైపు చూడరు నాన్నా. ప్రమోటరు మొహం వైపు చూస్తారు.”

ఆ మాట తూకానికి ఎక్కడో తగిలింది గాని, ఎక్కడో తెలియలేదు. సరిగ్గా ఎన్ని రౌండ్లు ఎటూ మొగ్గకుండా ఉంటాయో లెక్క తీసి నివేదికలో చూపిద్దామని, మంచం కింది ట్రంకుపెట్టె బయటికి లాగాడు. జడ్జి కార్డు కింద కార్బన్ పెట్టి రాస్తారు. పైకాగితం పర్యవేక్షకుడికి పోతుంది, కిందిది జడ్జి దగ్గరే ఉంటుంది. మిగతా జడ్జీలు ఆ కాగితాల్లో ఏవో పొట్లాలు కట్టుకుంటారు. తూకం మాత్రం ఇరవై ఏడేళ్లవీ ఏడాదివారీగా కట్టలు కట్టి దాచాడు.

నాలుగేళ్ల కిందటి కట్టలో ఒక కార్డు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

ఎనిమిది రౌండ్ల బౌటు. ఎర్రమూలలో ప్రమోటరు మనిషి, నీలిమూలలో పుర్రోడు. ఎడమచేతి వాటం కాబట్టి అందరూ అతణ్ణి అలాగే పిలిచేవారు. రెండో రౌండులో పుర్రోడు అవతలివాణ్ణి కిందపడేశాడు. అయినా మొత్తం కూడితే ఎర్రమూల డెబ్భై ఆరు, నీలిమూల డెబ్భై అయిదు. మిగతా ఇద్దరు జడ్జీలు చెరో వైపు తేల్చారు, కాబట్టి తూకం కార్డే పుర్రోణ్ణి ఓడించింది. అదంతా ఆయనకి గుర్తుంది. గుర్తులేనిది అయిదో గడి. అందులో నీలిమూల కింద పది అంకె ఉంది, దాని మీద అడ్డంగా తొమ్మిది ఉంది. ఎర్రమూల కింద తొమ్మిది మీద పది ఉంది. పైకాగితం మీద రబ్బరుతో చెరిపి దిద్దాడు. కార్బన్ కాగితానికి రబ్బరు తగలదు, అది రెండు అంకెల్నీ దాచుకుంది.

నేల మీద అలాగే కూర్చుండిపోయాడు తూకం. ఆ రౌండు కళ్లకి కట్టింది. పుర్రోడు అడుగు పక్కకి వేసి, అవతలివాడి గుద్దులన్నీ గ్లవ్సు మీదా గాలిలోనూ పోనిచ్చి, కుడిచేత్తో చురుక్కు చురుక్కుమని మొహం మీద తగిలిస్తూ, ఆఖరి నిమిషంలో ఎడమచేత్తో పక్కటెముకల మీద మూడు దించాడు. గ్లవ్సు మీద పడిన ప్రతి గుద్దుకీ జనం అవతలివాడికి ఈలలు వేశారు. తూకం జనానికి పడిపోయే రకం కాదు. గంట మోగగానే నీలిమూలకి పది వేశాడు. ఆ తర్వాత నిమిషం విరామంలో తలెత్తితే మొదటి వరసలో ప్రమోటరు కనిపించాడు. ఆ ఉదయమే ఆయన, “మోకాలు నొప్పి ఎలా ఉందండీ, మెట్లెక్కే పని లేకుండా మీకు కింది గదే ఇమ్మన్నాను” అని అడిగాడు. అంతే, ఇంకేమీ లేదు. తూకం రబ్బరు తీశాడు.

ఎటూ మొగ్గని రౌండు కాదది. చూసే కళ్లున్న ఎవరికైనా పుర్రోడిదే. ఇంటి రౌండు సమానంగా ఉన్నవాటికేనని కదా ఇన్నాళ్లూ అనుకున్నాడు. సమానం కానివి కూడా ఎప్పటినుంచి పోవడం మొదలైంది? గబగబా మిగతా కట్టలు విప్పాడు. రెండేసి అంకెలున్న కార్డులు పదకొండు దొరికేసరికి ఇక వెతకలేక మిగతా కట్టలు పక్కకి నెట్టేశాడు. కాటా ఒక్కరోజులో చెడదు, లోపలి స్ప్రింగు మెల్లమెల్లగా సాగుతుంది, అందుకే ఏటా పరీక్ష పెడతాం అని వర్తకులకి పాఠాలు చెప్పిన నోరు అది. ఆయనకి సిగ్గేసింది. చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకి సెలవు పెట్టి పుర్రోడి జిమ్ముకి వెళ్లాడు. పాత గోదాము వెనక రేకుల షెడ్డు. వేలాడే ఇసుకసంచికి నాలుగుచోట్ల టేపు అతుకులు. చెమట, నొప్పుల మందు కలిసిన వాసన. పుర్రోడు బెంచీ మీద కూర్చుని ఎడమచేతికి గుడ్డపట్టీ చుట్టుకుంటున్నాడు. ముప్ఫై మూడేళ్లే గాని, కుడికంటి రెప్ప సగం వాలిపోయి పెద్దవాడిలా కనిపించాడు. ఈ శనివారం మధ్యాహ్నం అతని మొదటి బోను పోటీ.

“రండి మావయ్యా,” అన్నాడు. ఆటగాళ్లందరికీ తూకం మావయ్యే. “మా కాటా మీద ఎవడైనా ఫిర్యాదు చేశాడా ఏంటి?”

“కాటా కోసం కాదు. నీ కోసమే వచ్చాను.”

తూకం కార్డు అందించాడు. పుర్రోడు దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, మళ్లీ దూరంగా పెట్టి చూశాడు.

“ఇదేంటి, పది మీద తొమ్మిదుంది?”

“ముందు నీకు పది వేశాను. తర్వాత చెరిపేశాను.”

“ఎందుకు?”

“ఇంటి రౌండు.”

ఆ రెండు మాటలకి అర్థమేమిటో తూకం దాచకుండా చెప్పాడు. ప్రమోటరు మోకాలి సంగతి అడగడంతో సహా చెప్పాడు. తిడతాడనుకున్నాడు. కొడితే కొట్టనీ, పడతాననుకున్నాడు. పుర్రోడు మాత్రం చుట్టిన పట్టీ విప్పడం మొదలెట్టాడు, మళ్లీ మొదటినుంచి చుట్టాడు.

“అంటే మావయ్యా, ఆ రౌండు నేను గెలిచానా?”

“గెలిచావు. బౌటు కూడా నీదే. డెబ్భై ఆరు నీకు, డెబ్భై అయిదు వాడికి.”

“ఆ వీడియో నేనెన్నిసార్లు చూశానో తెలుసా? ఎక్కడ ఓడానో కనబడేది కాదు. మిగతా ఇద్దరిలో ఎవడో వేశాడంటే నాలుగు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. తూకం మావయ్య తొమ్మిది వేశారంటే ఏదో ఉండే ఉంటుంది, నా కంటికే ఆనట్లేదు అనుకున్నా. మీరు పది గ్రాములు కూడా వదలరు కదా.”

తూకం బెంచీ మీది కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“మా నాన్న నేర్పిన ఆట అది. తినకుండా కొట్టడం. అది పనికిరాదు కాబోలు, దూరం నుంచి చూసేవాళ్లకి కనబడదు కాబోలు అనుకుని మానేశా. మీదికెళ్లి నాలుగు తిని అయిదు కొట్టడం మొదలెట్టా. జనం లేచి చప్పట్లు కొట్టారు. తొమ్మిది బౌట్లు అలాగే ఆడా మావయ్యా. ఇప్పుడు అడుగు మునుపటిలా పడట్లేదు.” వాలిపోయిన రెప్పని వేలితో ఎత్తి వదిలాడు. “తలకి దెబ్బ తగిలిందని ఒక బోర్డువాళ్లు రెండు నెలలు ఆడొద్దంటే పక్క బోర్డువాళ్లు మూడోవారమే లైసెన్సిచ్చారు. బోనువాళ్లు మాత్రం తలకి స్కాను కావాలని కూర్చున్నారు. మొన్న తీశారు. శుక్రవారం చెబుతారట.”

అప్పుడు తెలిసింది తూకానికి, ఆ కూరగాయలామె ఎందుకేడ్చిందో. ముప్ఫై రెండేళ్ల ఉద్యోగంలో అంతు చిక్కని ముడి ఆ బెంచీ మీద విడిపోయింది.

“నేనేం చెయ్యను, చెప్పు నాయనా. బోర్డుకి రాస్తాను. ఫలితం మార్చమని పట్టుబడతాను.”

“కాగితం మారిస్తే నా కాళ్లు తిరిగొస్తాయా?” పుర్రోడు మొదటిసారి గొంతు పెంచాడు. వెంటనే తగ్గించాడు. “ఒక్క పని చెయ్యండి. నా ఆట తప్పు కాదని నలుగురిలో చెప్పండి. నాకొక్కడికీ చెవిలో చెప్పేసి, బరువు దింపుకుని వెళ్లిపోకండి.”

చెబుతానని తూకం మాటిచ్చాడు. ఇచ్చినంత తేలిక కాదని దారిలోనే తెలిసొచ్చింది. ఎదురుపడిన వర్తకులు ఎప్పట్లాగే నమస్కారం పెట్టారు. ఆ నమస్కారాలు ఎన్నాళ్లుంటాయోనని ఆయన భయపడ్డాడు.

శుక్రవారం సాయంత్రం కూతురు పని నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది. “పుర్రోడికి పర్మిషన్ ఇవ్వలేదు నాన్నా. స్కానులో లోపల మచ్చలున్నాయట. ఇక బోనూ లేదు, రింగూ లేదు. కసాయివాళ్లని మీరు తిట్టే ఆ బోనువాళ్లే ఆపారు. మనవాళ్లు తొమ్మిది బౌట్లలో ఒక్కసారైనా అడిగారా?” తూకం ఆ రాత్రి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు.

శనివారం ఉదయం పదింటికి హాలులోనే సమావేశం. మధ్యాహ్నం పోటీలకి బోను అప్పటికే బిగించి ఉంది. దాని ముందు వంద కుర్చీలు వేశారు. జడ్జీలు, శిక్షకులు, ఆటగాళ్లు, ఇద్దరు ప్రమోటర్లు, హాలు మేనేజరు. బోను నీడలో కూర్చుని బాక్సింగు గురించి మాట్లాడుకోవాల్సి రావడం ఎవరికీ నచ్చలేదు గాని, వేరే చోటు లేదు.

సమావేశానికి ముందే తూకం టికెట్ల గదిలో అధ్యక్షుడికి కార్డు చూపించాడు. అధ్యక్షుడు చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పుకోవాలి. ఇద్దరూ ఒకే ఏడు బోర్డులోకి వచ్చారు. కార్డు చూసి ఆయన చాలాసేపు పెదవి కొరుక్కున్నాడు.

“ఇదెవరికైనా చూపించావా?”

“పుర్రోడికి.”

“సరే, విను. ముప్ఫై ఒకటో నిబంధన గుర్తుందిగా? కూడికలో తప్పు జరిగితే జడ్జి ఎప్పుడైనా రాసిచ్చి దిద్దుకోవచ్చు. కూడిక తప్పిందని ఒక్క ముక్క రాసియ్యి. సోమవారానికల్లా ఫలితం మార్పిస్తాను. వాడికి గెలుపు దక్కుతుంది. నీ పేరు నిలుస్తుంది. ఆ నివేదికకి విలువుంటుంది.”

“కూడిక తప్పలేదు కదయ్యా.”

“ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. హాలు మేనేజరు ముందు ఈ భాగోతం విప్పావనుకో, ఇక ఎవడొస్తాడు మన ఆటకి? నువ్వొక్కడివే మునగవు. అందర్నీ ముంచుతావు. అబద్ధం చిన్నది, లాభం పెద్దది. ఆలోచించు.” అధ్యక్షుడు తెల్లకాగితం ముందుకు జరిపాడు, పెన్ను మూత కూడా తనే తీసి పెట్టాడు.

తూకం పెన్ను అందుకున్నాడు. అందుకోలేదని రాస్తే ఆయన్ని గొప్పవాణ్ణి చేసినట్టవుతుంది, అది నిజం కాదు. పుర్రోడి పేరు పక్కన ‘గెలుపు’ అన్న మాట కనిపించింది ఆయనకి. తన పేరూ కనిపించింది. పెన్ను కాగితం మీద ఆనింది. ఆ ఆనడంలో, రబ్బరు తీసిన రోజున్నంత హాయి ఉంది. ఆ హాయిని గుర్తుపట్టి ఆయన భయపడిపోయాడు. పెన్ను అక్కడే పెట్టేసి బయటికి నడిచాడు.

తన వంతు రాగానే తీర్పుల అధ్యాయమూ, దానికి తను కలిపిన మాటలూ చదివాడు. జడ్జీల గదీ టికెట్టూ ఇకపై ప్రమోటరు కాదు, బోర్డే చూడాలన్నాడు. ఏ బౌటుకి ఏ జడ్జో ఆ ఉదయం చీటీలు తీసి తేల్చాలన్నాడు. ప్రతి రౌండు కాగానే ఎవరెంత వేశారో పేర్లతో సహా అందరికీ కనబడేలా తెర మీద పెట్టాలి, సమానమైన రౌండుకి సిగ్గుపడకుండా పది–పది వెయ్యాలి. దెబ్బ తగిలినవాడు ఎన్నాళ్లు ఆడకూడదో ఒక్క పుస్తకంలో రాయాలి, నాలుగు బోర్డులూ దానికే కట్టుబడాలి, స్కాను లేకుండా ఎవణ్ణీ తాళ్లు దాటనివ్వకూడదు. ఒక్కో బరువుకి ఒక్క ఛాంపియను బెల్టు చాలు. జనం చప్పట్లు కొట్టారు. హాలు మేనేజరు కూడా తలూపుతూ ఏదో రాసుకున్నాడు. అధ్యక్షుడు ఊపిరి పీల్చుకుని, ఇక కూర్చోమని సైగ చేశాడు.

తూకం కూర్చోలేదు. జేబులోంచి కార్డు తీశాడు.

“ఇదంతా ఎందుకు రాశానో చెప్పాలి. నాలుగేళ్ల కిందట ఇదే హాలులో ఒక బౌటుకి నేను జడ్జిని. అయిదో రౌండు పుర్రోడు గెలిచాడు. నేను పది వేశాను. తర్వాత చెరిపి ఇంటికిచ్చాను. కూడికలో తప్పు జరిగిందని రాసిమ్మంటే రాసివ్వగలను. కానీ కూడిక సరిగ్గానే ఉంది. నేనే సరిగ్గా లేను.”

కుర్చీలు కిర్రుమన్నాయి. ఒక ప్రమోటరు లేచి నిలబడ్డాడు. పెద్ద జడ్జి తన బూట్ల వంక చూసుకున్నాడు. అందరూ ఒక్కసారిగా మాట్లాడుతున్న ఆ గోలలో, చివరి వరసలోంచి ఒక గొంతు వచ్చింది.

“మావయ్యా, గట్టిగా చెప్పండి. వెనక్కి వినబడలేదు.”

పుర్రోడు నిలబడి ఉన్నాడు. పక్కన తూకం కూతురు కూర్చుని ఉంది. హాలు సద్దుమణిగింది.

తూకం గొంతు సవరించుకున్నాడు. “అయిదో రౌండు పుర్రోడిది. బౌటు పుర్రోడిది. వాడి ఆట తప్పు కాదు. నా పెన్సిలు తప్పు.”

“మా కుర్రాడి బౌటు సంగతేంటి మరి?” ఒక శిక్షకుడు అరిచాడు. “అదీ నువ్వే చూశావుగా!”

“పదకొండు తెచ్చాను,” అన్నాడు తూకం. “అన్నీ చదువుతాను. నావి మాత్రమే చదవగలను.” ఆ ‘మాత్రమే’ దగ్గర మిగతా జడ్జీలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఒక్కొక్కటే చదివాడు. ఏడో కార్డు దగ్గర ఇద్దరు ప్రమోటర్లూ వెళ్లిపోయారు. తొమ్మిదో కార్డు దగ్గర ఎవరో బండబూతు తిట్టారు. అది తనకి రావాల్సిందేనని తూకం ఆగి పూర్తిగా విన్నాడు. చివర్లో జడ్జి లైసెన్సు తీసి అధ్యక్షుడి ముందు పెట్టాడు. అధ్యక్షుడు దాన్ని ముట్టుకోలేదు, మొహం కూడా ఎత్తలేదు. ఆట నిలుస్తుందో పోతుందో ఆ రోజు ఎవరికీ తెలియదు. హాలు మేనేజరు కాగితాలు సర్దుకుని, ఏమీ చెప్పకుండానే వెళ్లిపోయాడు.

జనం పలచబడ్డాక పుర్రోడు కుర్చీల మధ్య దారిలోకి వచ్చి నిలబడ్డాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

“ఆ రౌండు ఇంకోసారి ఆడి చూపించనా మావయ్యా?”

“వద్దు,” అంది తూకం కూతురు.

“గాలితోనే కదక్కా. ఎవడూ కొట్టడు. నువ్వు టైము చూడు.”

ఆమె తండ్రి వంక చూసి, ఫోను తీసింది. “మూడు నిమిషాలే. మొదలెట్టు.”

పుర్రోడు చేతులెత్తాడు. అడుగు పక్కకి వేశాడు, తల వంచాడు, కుడిచెయ్యి రెండుసార్లు విసిరాడు. నాన్న నేర్పిన ఆట. ఏదీ మర్చిపోలేదు, కాళ్లే మాట వినలేదు. పక్కకి జరగాల్సిన పాదం ప్రతిసారీ అర క్షణం ఆలస్యంగా వచ్చింది. ఒకసారి కుర్చీకి తట్టుకుని తూలాడు, నిలదొక్కుకుని మళ్లీ మొదలెట్టాడు. ఎవరూ నవ్వలేదు. తూకం చెయ్యి అలవాటుగా జేబులో పెన్సిలు కోసం వెళ్లి, ఖాళీగా బయటికొచ్చింది. ఆయన ఏడుస్తున్నాడు, అయినా చూపు తిప్పుకోలేదు. ఆఖరి నిమిషంలో ఎడమచెయ్యి మూడుసార్లు పక్కటెముకల ఎత్తున దూసుకుపోయింది.

“టైము,” అంది కూతురు.

పుర్రోడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పాడు. “ఎంత మావయ్యా?”

“అప్పటిది పది.”

“అది విన్నాను. ఇప్పటిది?”

పది అనేద్దామని తూకానికి నోటి చివరిదాకా వచ్చింది. అంటే పోయేదేముంది, ఎదురు ఆటగాడు కూడా లేడు. కూతురు కళ్లతోనే బతిమాలింది. ఆ వాలిన రెప్ప కింది కన్ను ఆయన్నే చూస్తోంది.

“తొమ్మిది,” అన్నాడు తూకం. “పాదం ఆలస్యంగా వస్తోంది నాయనా.”

పుర్రోడు తన పాదం వంక చూసుకున్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. నాలుగేళ్లలో అతను నవ్వగా ఆయన చూడటం అదే మొదలు.

“ఆ పదిని ఇప్పుడు నమ్ముతాను మావయ్యా,” అన్నాడు.

మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకుని, వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాడు.